తాతయ్య జావా బాగుచేస్తున్నాం: ట్యాంకు మీద సొట్ట తీయించాలా, ఉంచాలా?

పసుపుకొమ్ము – ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతుంటాను, రాయడం ఇదే మొదలు.

మా తాతయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఊరు కొల్లిపర దగ్గర. 1969లో కొన్న జావా 250 మోటార్‌సైకిల్ ఆయనది. కృష్ణ లంకల్లో ఆ బండి చప్పుడు దూరంగా వినపడగానే జనం గేదెల్ని విప్పుకొచ్చి చింతచెట్టు కింద కట్టేసేవాళ్ళట. ఆయన పోయి రెండేళ్ళయింది. బండి అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఆగిపోయి, పసుపు కొట్టులో గోనె సంచుల వెనక నిలబడి ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయి పాత ఇనుప సామాన్ల వాడితో బేరం ఆడుతున్నాడు, కిలోల లెక్కన! అడ్డం పడ్డాను. "అయితే నువ్వే మోసుకుపో" అన్నాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని తెనాలి తెచ్చేశాను.

పరిస్థితి చెప్తాను. కిక్కు ఒక్క అంగుళం కూడా కదలడం లేదు. కుడి సైలెన్సర్‌లో ఎలుక గూడు. కార్బరేటర్ మూతిలో కందిరీగ మట్టి. హెడ్‌లైట్ డూమ్ విప్పితే గుప్పెడు పసుపు రాలింది, వైర్లన్నీ పచ్చగా ఉన్నాయి, సగం ఎలుకలు కొరికేశాయి. ట్యాంకు ఎడమవైపు, మోకాలి రబ్బరుకి కాస్త పైన, అరచెయ్యంత సొట్ట. సూది వేయించుకున్న గేదె ఒకటి వెనక్కి తిరిగి కొమ్ముతో కుమ్మిందట. వెనక క్యారియర్‌కి మందుల పెట్టె పెట్టుకోడానికి కమ్మరి చేత వేయించిన ఇనుప చట్రం కూడా అలాగే ఉంది.

మేం ముగ్గురం. నేను, లేతు షాపు ఉన్న నా స్నేహితుడు, కరెంటు పని తెలిసిన మా బావమరిది. ఆదివారాలు మాత్రమే కుదురుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెట్రోలుపొగ – ఫిబ్రవరి 11

ముందు ఆ కిక్కు మీద కాలు తీసెయ్ తమ్ముడూ. జావాకి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ అని తెలుసుగా, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. పట్టేసిన ఇంజను మీద బలం చూపిస్తే లోపల కిక్కు పళ్ళు ఊడతాయి. అవి ఊడితే ఇంజను మొత్తం విప్పాల్సిందే.

ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి సగం డీజిలు, సగం పవర్ స్టీరింగ్‌లో పోసే ఆయిలు కలిపి ఒక టీ గ్లాసు పొయ్యి. రోజూ చూస్తూ ఉండు, దిగిపోతే మళ్ళీ పొయ్యి. వారం తర్వాత టాప్ గేరులో వేసి వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. ఊపడం అంటే ఊపడమే, తొయ్యడం కాదు.

ఓరుగల్లు_బుల్లెట్ – ఫిబ్రవరి 12

అన్నా, జావాకి తాళం చెవి లేకున్నా మేకు పెట్టి తిప్పినా స్టార్ట్ అయితది అంటరు కదా, నిజమేనా 😄 మా నాయన బుల్లెట్ 1974ది, ఇప్పటికీ రోజూ పాలకేంద్రానికి పోతది. గేదె గుద్దితే గేదెకే సొట్ట పడ్తది.

సరే మజాక్ చాలు. పెట్రోల్ల ఆయిల్ కలిపి పోసే రెండు స్ట్రోకుల బండి నాకు తెల్వదు గానీ ట్యాంకు సంగతి చెప్తా. లోపల తుప్పు ఉంటే పాత సైకిల్ చైను ఒకటి కిరసనాయిలుతో కలిపి లోపలేసి గట్టిగ గలగల ఆడించు. తర్వాత కడిగి, తెల్ల వెనిగర్ నింపి రెండు రోజులుంచు. తీసినంక వంట సోడా నీళ్ళతో కడుగు, మర్చిపోకు, లేకుంటే సాయంత్రానికి మళ్ళ తుప్పే. ఎండల పెట్టి, ఆరినంక కొంచెం ఆయిల్ తిప్పి పెట్టు.

మైసూరు_మావయ్య – ఫిబ్రవరి 12

నాయనా, చదువుతుంటే కళ్ళముందు కనపడింది. నేను బ్యాంకు ఉద్యోగం మీద మైసూరొచ్చి ఇక్కడే ఉండిపోయిన గుంటూరువాణ్ణి. మీ తాతగారి బండి పుట్టింది ఇక్కడే, యాదవగిరిలో. బొంబాయి పార్శీలు ఇరానీలు పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ అది, 1961లో బళ్ళు రావడం మొదలైంది. తర్వాత పేరు యెజ్డీ అయింది. 1996లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్ళు కొందరు తర్వాత ఊళ్ళో చిన్న చిన్న షెడ్లు పెట్టుకున్నారు. నాకు తెలిసిన ఒకాయన ఇంజను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్తాడు. ఏదైనా సామాను దొరక్కపోతే నన్నడుగు, వెళ్ళి చూస్తాను. రిటైరయ్యాక నాకున్న పని కూడా అదే.

సొట్ట మాత్రం తీయించకు.

ఓరుగల్లు_బుల్లెట్ – ఫిబ్రవరి 12

సొట్ట ఉంచాల్నా? గింత పైసలు పెట్టి బాగుచేసి, సొట్టతోటి తిరుగుతరా ఎవరన్నా?

కాగితాల_కరణం – ఫిబ్రవరి 13

ఇంజను సంగతి వాళ్ళు చూస్తారు. నాకు కాగితాల టెన్షన్ పట్టుకుంది. ఆర్‌సి పుస్తకం ఉందా? ఉంటే మొదట ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ పుస్తకంలో ఉన్నవేనా చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పెయింటు మీద రూపాయి ఖర్చు పెట్టకండి.

బండి ఇంకా మీ తాతగారి పేరునే ఉంది కాబట్టి వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31 పెట్టాలి. దాంతో మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులందరి నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్లు. మూడు నెలల్లో దరఖాస్తు చేసుకోవాలని నిబంధన, మీరు దాటేశారు. జరిమానా ఎంతో ఆఫీసులోనే చెప్తారు. మూడక్షరాల పాత నంబరు కాబట్టి కంప్యూటర్‌లో బహుశా ఉండదు. పాత రిజిస్టరు వెతికించి ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే ఆ పాత వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించుకోవాలి. అసలు ఆలస్యమంతా అక్కడే.

పసుపుకొమ్ము – ఫిబ్రవరి 23

తొమ్మిదో రోజున కదిలింది!

మొదట ఏమీ లేదు. లేతు వాడు చక్రం ఊపుతుంటే నేను ప్లగ్గు కన్నం దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. పన్నెండోసారికో పదమూడోసారికో, తడిసిన తలుపు ఊడొచ్చినట్టు చిన్న కిర్రు. అంతే, తర్వాత పిస్టన్ పైకీ కిందికీ వెళ్ళింది. నల్లటి నీళ్ళు ఫౌంటెన్‌లా నా మొహం మీదికే వచ్చాయి.

హెడ్డు, బోరు (పిస్టన్ ఆడే సిలిండరు) విప్పాం. రింగులు ఇరవై ఏళ్ళు నిలబడ్డ చోట బోరు గోడ మీద గోరుకి తగిలే తుప్పు గీత. పిస్టన్ మీద బొగ్గు రెండు రూపాయల బిళ్ళంత మందం.

కరణం గారూ, నంబర్లు రెండూ కలిశాయి. పుస్తకం నాయనమ్మ ట్రంకు పెట్టెలో, పెళ్ళి పట్టుచీర మడతలో దొరికింది.

పెట్రోలుపొగ – ఫిబ్రవరి 23

గోరుకి తగిలితే బోరింగ్ చేయించక తప్పదు, అంటే ఆ గోడని లోపల కాస్త చెక్కించి నున్నగా చేయించాలి. అసలు 65 మిల్లీమీటర్ల బోరు. ముందు పిస్టన్ కొని చేతిలో పెట్టుకుని, అప్పుడు దానికి తగ్గట్టు బోరు కొట్టించు. కొందరు తలకిందులుగా చేసి తర్వాత పిస్టన్ కోసం ఊళ్ళు తిరుగుతారు.

క్రాంకు, అంటే ఇంజను అడుగున తిరిగే ఇరుసు, తీసి, దాన్నీ పిస్టన్‌నీ కలిపే కాన్‌రాడ్ పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడు. పక్కలకి కాస్త ఆడితే పర్లేదు, పైకీ కిందికీ టక్కుమంటే కిట్టు మార్చాలి. రెండు పక్కలా క్రాంకు సీళ్ళు కళ్ళు మూసుకుని మార్చెయ్. గాలీ ఆయిలూ లోపలికి రాకుండా ఆపేవి అవే. అవి రబ్బరు, ఇరవై ఏళ్ళలో రాయి అయి ఉంటాయి.

ఆర్మేచర్ (డైనమోలో తిరిగే భాగం) మీద సుత్తి మాత్రం వెయ్యొద్దు. మధ్య బోల్టు తీసి ఆ స్థానంలో దానికి సరిపడే పొడుగు బోల్టు బిగిస్తూ పోతే అదే తోసేస్తుంది. ఆటోనగర్‌లో నా దగ్గరికి వచ్చే జావాల్లో సగానికి ఆర్మేచర్ మీద సుత్తి దెబ్బలే.

డాలస్_తమ్ముడు – ఫిబ్రవరి 25

అన్నయ్యా, నేనే. ఈ లింకు మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మా నాన్న బండిని ఇనుముకి అమ్మబోయాడని ప్రపంచం మొత్తానికి చెప్పావుగా 🙂

ఆ బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తాతయ్య నన్ను కూడా లంకల్లో తిప్పేవాడు. నాకూ దాని మీద అంతే ప్రేముంది. ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. చేస్తే పూర్తిగా షోరూమ్ బండిలా చేద్దాం. క్రోమ్ అంతా కొత్తగా, ట్యాంకు సొట్ట తీసి మెరూన్ పెయింటు, బంగారు గీతలు. డబ్బు నేను పంపిస్తాను. తాతయ్య ఫోటో పక్కన హాల్లో పెట్టుకున్నా అందంగా ఉంటుంది.

పసుపుకొమ్ము – ఫిబ్రవరి 25

బాబాయి పేరు ఎక్కడా రాయలేదురా. డబ్బు సంగతి ఫోన్లో మాట్లాడదాం. హాల్లో పెట్టడానికైతే ఇంజను బాగుచేయడం ఎందుకు?

మైసూరు_మావయ్య – ఫిబ్రవరి 26

ఇద్దరూ నా మనవల్లాంటివాళ్ళు, కాబట్టి చెప్తున్నా. మెరిసే బండి చూడాలంటే జూలై రెండో ఆదివారం మైసూరు రండి. అంతర్జాతీయ జావా దినం అని వందల బళ్ళు వస్తాయి. అద్దంలో మొహం చూసుకునేట్టు ఉంటాయి. బాగుంటాయి, నేను కాదనను. కానీ గంటసేపు చూశాక అన్నీ ఒకటే బండిలా కనిపిస్తాయి. జనం మాత్రం ఎప్పుడూ ఒక పాత బండి చుట్టూ మూగుతారు. దాని రంగు వెలిసి ఉంటుంది, పక్కన పాలక్యాను కొక్కెమో ఇంకేదో వేలాడుతుంటుంది. యజమాని నోరు మూతపడదు.

కాగితాల_కరణం – ఫిబ్రవరి 26

ఈ గొడవలో నాదో చిన్న మాట. రెండు దారులున్నాయి. మామూలుగా ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవడం ఒకటి. లేదా 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద పెట్టడం. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్సూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చకుండా ఉంటే వింటేజ్ అవుతుంది. పదేళ్ళ రిజిస్ట్రేషన్, ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ అప్పుడు రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకీ ర్యాలీకీ పెట్రోలు కొట్టించడానికీ రిపేరుకీ మాత్రమే. మీ లంకల్లో తిరగాలనుంటే మొదటి దారే పట్టండి.

ఆ మందుల పెట్టె చట్రం ఛాసిస్‌కి వెల్డింగ్ చేశారా?

పసుపుకొమ్ము – ఫిబ్రవరి 27

లేదండీ. కమ్మరి తెలివైనవాడు. క్యారియర్‌కే అతికించాడు. రెండు బోల్టులు తీస్తే క్యారియర్‌తో సహా ఊడి వస్తుంది.

కాగితాల_కరణం – ఫిబ్రవరి 27

అయితే ఇన్‌స్పెక్షన్ రోజు విప్పి ఇంట్లో పెట్టి వెళ్ళండి.

పసుపుకొమ్ము – మార్చి 24

నెల రోజులు మాయమయ్యాను, క్షమించాలి. ఒకదాని తర్వాత ఒకటి.

పిస్టన్ ఆటోనగర్‌లో దొరికింది, 65.50 సైజు. బోరింగ్, క్రాంకు కిట్టు, ప్రెస్సింగు మా లేతు వాడు డబ్బు తీసుకోకుండా చేశాడు. "తాతయ్య మా గేదెకి ప్రాణం పోశాడు, బిల్లెలా వేస్తాన్రా" అన్నాడు. బేరింగులు, సీళ్ళు, కిట్టు అన్నీ కలిపి నాకు పదివేల లోపే అయింది.

ఇక్కడ మేం చేసిన తెలివితక్కువ పని ఒకటి. రెండు స్ట్రోకుల పిస్టన్‌కి రింగు గాడిలో చిన్న పిన్ను ఉంటుందని, రింగు మూతి ఆ పిన్ను దగ్గరే ఉండాలని పెట్రోలుపొగ అన్న ఫోన్లో చెప్పాడు. పై రింగు సరిగ్గానే పెట్టాం. కింది రింగు బోరు దింపుతుంటే కొద్దిగా తిరిగింది. ఏదో అడ్డం తగులుతోందని బావమరిది బోరు మీద అరచేత్తో ఒక్కటి వేశాడు. టక్. ఆ చప్పుడు విన్నాక ముగ్గురం ఐదు నిమిషాలు మాట్లాడుకోలేదు. రింగు సెట్టు మళ్ళీ తెచ్చాం.

ఓరుగల్లు_బుల్లెట్ – మార్చి 24

బావమరిదికి ఆ రోజు అన్నం పెట్టినరా లేదా?

పసుపుకొమ్ము – మార్చి 24

వాళ్ళక్క పెట్టింది. నాకే పెట్టలేదు.

పసుపుకొమ్ము – ఏప్రిల్ 6

స్టార్ట్ అయింది! ఉగాది దాటాక వచ్చిన ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి.

ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టాం, కండెన్సర్ కొత్తది, ఆరు వోల్టుల కొత్త బ్యాటరీ. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపాం. కార్బరేటర్ మీది బుడిపె నొక్కి పట్టుకుంటే పెట్రోలు వేలికి చల్లగా తగిలింది. నాలుగో కిక్కుకి ఒకసారి దగ్గింది, ఏడో కిక్కుకి అందుకుంది. రెండు సైలెన్సర్లలోంచీ ఆ డుగ్‌డుగ్ వీధంతా వినపడింది. ఎదురింటి ముసలాయన లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

కానీ పొగ. తెల్లటి పొగ, పది నిమిషాలైనా ఆగదు. దోమల మందు బండి వచ్చిందనుకుని పిల్లలు వెంటపడ్డారు. ఆయిలు ఎక్కువ కలిపామా?

పెట్రోలుపొగ – ఏప్రిల్ 6

40 ఎక్కువ కాదు. కొత్త బోరుకి అదే కరెక్టు. సైలెన్సర్‌లో పాత నూనె ఉంటే కొంతసేపు వస్తుంది, తర్వాత ఆగాలి. మూడు ప్రశ్నలు అడుగుతా. పొగ వాసన టూటీ ఆయిలు కాలినట్టుందా, గేరు ఆయిలు మాడినట్టుందా? ప్లగ్గు తడిగా వస్తోందా? గేరుబాక్సులో పోసిన ఆయిలు అంతే ఉందా, తగ్గిందా?

పసుపుకొమ్ము – ఏప్రిల్ 7

వాసన ఘాటుగా ఉంది, కళ్ళు మండుతున్నాయి. ప్లగ్గు తడి. గేరుబాక్సు ఆయిలు ఇప్పుడే వంపి కొలిచాను. లీటరు పోస్తే ముప్పావే వచ్చింది!

పెట్రోలుపొగ – ఏప్రిల్ 7

దొరికింది. క్లచ్చు వైపు క్రాంకు సీలు. రెండు స్ట్రోకుల ఇంజను పిస్టన్ పైకెళ్ళినప్పుడల్లా కింద క్రాంకు గదిలోకి పీలుస్తుంది. అక్కడ సీలు సరిగ్గా లేకపోతే పెట్రోలుతో పాటు పక్కనున్న గేరు ఆయిలుని కూడా తాగేస్తుంది. అదే నీ పొగ. డైనమో వైపు సీలు పోతే తేడాగా ఉంటుంది, గాలి పీల్చి రేసు దానంతటదే పెరుగుతుంది.

కొత్త సీలే కదా వేశావు? సీలు పెదవి, అంటే లోపలి అంచు, ఎటు తిప్పి వేశారు?

పసుపుకొమ్ము – ఏప్రిల్ 13

క్లచ్చంతా విప్పాం. అన్నా, సీలు తిరగేసి ఉంది. తప్పు మాదే, కొట్టింది నేనే. స్ప్రింగు కనపడే వైపు బయటికుంటే అందంగా ఉంటుందనుకున్నాను.

సరిచేశాక సన్నటి నీలం పొగ, అంతే. ఆదివారం నలభై కిలోమీటర్లు తిప్పాం. ఎక్కడా ఆగలేదు.

కొత్తమెకానిక్ – ఏప్రిల్ 14

ఈ చర్చ మొత్తం ఒక్క ఊపులో చదివాను. మా నాన్నగారి యెజ్డీ మూలన పడి ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోలు పాత బళ్ళకి పడదంటారు, నిజమేనా?

పెట్రోలుపొగ – ఏప్రిల్ 14

ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని లాగేస్తుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. పైపు కొత్తది వెయ్యి. రెండు వారాలకి మించి నిలబెట్టేట్టయితే ట్యాంకూ కార్బరేటరూ ఖాళీ చెయ్యి. రోజూ తిరిగే బండికి పెద్ద భయం లేదు.

పసుపుకొమ్ము – మే 5

ఇక సొట్ట కథ. నవ్వండి, నేను ఇప్పుడే నవ్వగలుగుతున్నాను.

తమ్ముడితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాక రాజీ కుదిరింది. మడ్‌గార్డులు బాగా తుప్పు పట్టాయి కాబట్టి వాటికి రంగు, చక్రాల రిమ్ములకి క్రోమ్, దానికి వాడి డబ్బు. ట్యాంకుకి మాత్రం పాలిష్ తప్ప ఏమీ చెయ్యం. పెయింటింగ్ షాపు అతనికి ఇదే రెండుసార్లు చెప్పాను. ట్యాంకు అక్కడ పెట్టింది రంగు కలపడానికి నమూనాగా మాత్రమే.

పది రోజుల తర్వాత వెళ్తే ట్యాంకు కొత్త పెళ్ళికొడుకులా ఉంది. సొట్ట లేదు! "అది ఉచితంగా చేశానండీ, మీరు డబ్బుకి మొహమాటపడుతున్నారని" అన్నాడు. అతను మంచికే చేశాడు, ఏమనను? ఇంటికొచ్చి భోంచేయలేదు.

రాత్రి లేతు వాడు వచ్చి, ట్యాంకు మీద వేలితో అక్కడక్కడా కొట్టి చూశాడు. మిగతా చోట టంగుమంటోంది. సొట్ట ఉండాల్సిన చోట మాత్రం మొద్దు చప్పుడు. "వీడు సొట్ట ఎత్తలేదురా, పుట్టీతో పూడ్చాడు. గేదె లోపలే ఉంది" అన్నాడు. ఇద్దరం అర్ధరాత్రి దాకా ఎమరీ పేపరుతో గీకాం. పుట్టీ మొత్తం పోయి రేకు బయటపడింది, సొట్ట సొట్టగానే ఉంది. 1969 నాటి రంగు మాత్రం పోయింది, అది ఇక రాదు.

మర్నాడు మళ్ళీ అదే షాపుకి తీసుకెళ్ళి, సొట్ట మీదే మెరూన్ వేయమన్నాను. "సొట్టకి రంగు వేయమని డబ్బిచ్చిన గిరాకీ ఇంతవరకూ తగల్లేదండీ" అన్నాడు.

ఓరుగల్లు_బుల్లెట్ – మే 5

గేదె లోపలే ఉంది 😂😂 ఇది నా ఫోన్ స్టేటస్ పెట్టుకుంటున్న.

డాలస్_తమ్ముడు – మే 6

ఫోటో చూశాను. కొత్త రంగులో సొట్ట ఇంకా బాగా కనిపిస్తోంది అన్నయ్యా. అఫిడవిట్ ఇక్కడ నోటరీ చేయించాను. కాన్సులేట్ ముద్ర కూడా కావాలా, కరణం గారూ?

కాగితాల_కరణం – మే 6

మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారుగా బాబూ, మీ తాతగారి కొడుకుగా వారసుడు ఆయన. ఆయన సంతకం చాలు. పెట్టారా?

పసుపుకొమ్ము – మే 6

పెట్టాడు. పెట్టేముందు ఊళ్ళో రెండు చుట్లు తిప్పిస్తేనే పెడతానన్నాడు. తిప్పాను. దిగి, "నేను అప్పుడు ఊరికే బేరమాడి చూశాలే" అన్నాడు.

పసుపుకొమ్ము – మే 19

బ్యాక్‌లాగ్ ఎంట్రీ అయింది. ఫిట్‌నెస్‌కి వచ్చే వారం. నిన్న బండిని ఊరికి తీసుకెళ్ళి ఇంటి ముందు ఆపాను. నాయనమ్మ అరుగు మీద ఒడియాలు ఎండబెడుతోంది. పొగ ఒడియాల మీదికొస్తోందని ముందు నన్ను తిట్టింది. తర్వాత దగ్గరికొచ్చి సొట్ట మీద చెయ్యి పెట్టింది, చట్రం ఊపి చూసింది, హారన్ కొట్టమంది. కొట్టాను. మేం వేసింది బజారులో దొరికిన కొత్త హారన్, పీప్‌మంటుంది.

"ఇది కాదు. ఆయన దాంట్లో గొంతు బొంగురుగా ఉండేది" అంది.

పాతది పసుపు నిండి బిగుసుకుపోయిందని తీసి డబ్బాలో పడేశాం. విప్పితే మళ్ళీ పనిచేసే అవకాశం ఉందా?

మైసూరు_మావయ్య – మే 19

పారేయలేదుగా? వెనక చిన్న స్క్రూ ఉంటుంది, దాని మీద లక్క ముద్ర ఉంటుంది. ముందు రేకు విప్పి, పసుపంతా కుంచెతో దులిపి, లోపలి పాయింట్లకి సన్న ఎమరీ పెట్టు. తర్వాత ఆరు వోల్టులిచ్చి స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ విను. బొంగురు వచ్చిన చోట ఆపు. ఫోన్లో ఆవిడకి వినిపిస్తూ తిప్పు, నీకు తెలియదు.

పసుపుకొమ్ము – మే 20

డబ్బా దొరికింది. ఆదివారం చూస్తాను.